ఇస్త్రీ బండి వెనక గోడ

ఆమె మనుషుల్ని పేర్లతో కాదు, బట్టలతో గుర్తుపెట్టుకునేది. మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే డాక్టరుగారు ఆమెకి "తెల్ల షర్టుల సారు". ఆయన భార్య "జరీ దుపట్టా". నేను "గంజి కాటన్ మేడం". అన్నేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయితే చివరికి మిగిలిన బిరుదు ఇదీ అని మావారితో అంటే, ఆయనకి సరదా పుట్టి తననేమంటుందో కనుక్కోమన్నారు. అడిగాను. "సారుదేమున్నది మేడం, కాలర్ నల్లగ" అంది. ఆ మాట మావారి దాకా తీసుకెళ్ళలేదు.

పోయిన నెల ఆమె పోయింది. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి తేలే మా సందులో, మలుపు దగ్గర ఒక పొడవాటి గోడ ఉంది. ఆ గోడ కింద ఆమె ఇస్త్రీ బండి. రాత్రికి ఇంటికి తోసుకుపోయి, తెల్లారేసరికి మళ్ళీ తెచ్చి పెట్టేది. సందులో అందరికీ ఇస్త్రీ అక్క. నాకంటే చిన్నదే అయినా నాకూ అక్కే. పాలమూరు దిక్కు నుంచి మేస్త్రీ పనికి వచ్చి, ఈ చుట్టుపక్కల లేచిన అపార్ట్‌మెంట్లకి ఇటుకలు మోసి, మోకాళ్ళు మొరాయించాక ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. అంతకు మించి ఆమె కథ నాకు తెలియదు. అడిగితే "గదంత ఎందుకు మేడం, చీర ఇయ్యి" అనేది.

మేడం అంటూనే నన్ను "నువ్వు" అనేది. మా నాన్నగారు ఉద్యోగం మీద తెనాలి నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. పాలవాడిని కూడా మీరు అని పిలిచే ఇల్లు మాది. మొదట్లో ప్రాణం చివుక్కుమంది. ఒకసారి ఏదో కోపంలో ఉండి "మీ చీరలు రేపిస్తా" అంది చూడండి, ఆ "మీ" విని నాకు రోజంతా అన్నం సయించలేదు.

పని చేస్తున్నంతసేపూ ఆమె బట్టలతో మాట్లాడేది. లొంగని మడత ఉంటే "నీ సంగతి చెప్త ఆగు" అని దాని మీద పెట్టెను కాసేపు ఆనించి ఉంచేది. సందులో ఎవరైనా ఆమె బండి దగ్గర నిలబడి గొడవపడితే, బట్టల మీద చిలకరించే నీళ్ళు కాసిని వాళ్ళ మొహాన పడేవి. "అయ్యో, చెయ్యి జారింది" అనేది. ఆ చెయ్యి ఎప్పుడూ గట్టిగా అరిచేవాళ్ళ వైపే జారేది. పని అయిపోయిన చీరని మడిచి, పైన అరచేత్తో రెండు తట్లు తట్టి ఇచ్చేది, పసిపిల్లని జోకొట్టినట్టు.

మా పేటలో ఇప్పుడు ఇళ్ళకంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళే ఎక్కువ. సర్కారు కొలువుల కోసం చదువుకునే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో ఉంటారు. వాళ్ళలో ఎవరికైనా ఇంటర్వ్యూ వచ్చిందంటే ఆమె షర్టు చేతికిచ్చేది కాదు. ఉన్న షర్టు విప్పించి, వేడివేడిది అక్కడే తొడిగించేది. "చేతుల పట్టుకపోతె గీత వడ్తది. గిట్లనే పో. బస్సుల ఆనుకోకు" అని హెచ్చరించి పంపేది. రోడ్డు మీద షర్టు మార్చుకోవడానికి సిగ్గుపడుతున్న కుర్రాడికి అడ్డంగా మా దుప్పటి పట్టుకుని నిలబడటం నేను కళ్ళారా చూశాను. అది మా దుప్పటి కావడం వల్ల కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ గోడ పూర్వం మహా అసహ్యంగా ఉండేది. కోచింగ్ పోస్టర్ల మీద హాస్టల్ పోస్టర్లు, వాటి మీద టూలెట్ కాగితాలు, కింద మూత్రం పోయరాదన్న హెచ్చరిక, ఆ హెచ్చరిక కిందే ఆ పని. ఆమె బండి పెట్టాకే ఆ చివరి బాధ తప్పింది. రెండేళ్ళ క్రితం బొమ్మలు నేర్చుకునే పిల్లలు కొందరు వచ్చి, నగరంలోని గోడల మీద ఇక్కడి సంగతులు, ఇక్కడి పండగలు చిత్రిస్తున్నామన్నారు. నారాయణగూడ ఫ్లైఓవర్ స్తంభాలకి అప్పటికే వేశారు. మా గోడకి బోనమెత్తుకున్న ఆడమనిషిని వేస్తామన్నారు. గోడగలాయన సరేనన్నాడు. ఇస్త్రీ అక్క ససేమిరా అంది.

"బొమ్మకు నేనేం అడ్డంరాను. బండి మాత్రం జరపను" అంది.

పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె ఆ పిల్లలకి పెద్ద. "నాలుగు రోజులే అక్కా, మళ్ళీ ఇక్కడే పెట్టుకో" అని బతిమాలింది.

"బిడ్డా, రోడ్డు మీది జాగకు కాయితం ఉండది. మనిషి నిలవడ్డంత సేపే అది మనది. జరిగినమా, పోయింది. ఇంతకుముందు సుల్తాన్ బజార్ల గట్లనే పోగొట్టుకున్న. జరమొచ్చి పండుకుంటి, లేచి పోయేవరకు నా జాగల చెప్పుల బండి."

అందుకని పైన వెదురు కట్టెల మంచె మీద పిల్లలు, కింద గొడుగు కట్టుకుని ఆమె. ఎవరి పని వాళ్ళది. డాక్టరుగారి తెల్ల షర్టు మీద పసుపు రంగు చుక్క పడితే, ఆయన నోరు తెరిచేలోపే "శుభం సారూ" అని చేతిలో పెట్టింది. బోనమెత్తుకున్న మనిషికి మొహం ఎవరిది పెట్టాలా అని ఆ పొట్టి జుట్టు అమ్మాయి ఆలోచిస్తూంటే, కింద ఈమె బట్టల మూట ఎత్తి నెత్తిన పెట్టుకుని, మెడ నిటారుగా పెట్టి నడుచుకుంటూ వచ్చింది. ఇంకేముంది, మొహం దొరికింది.

మొహం గురించి ఆమెకి పట్టింపు లేకపోయింది. ముక్కు కొంచెం లావుగా వేసినా ఏమీ అనలేదు. చీర దగ్గరికొచ్చేసరికి మాత్రం లేచి నిలబడింది.

"గీ ముడతలేంది?"

"నడుస్తున్నప్పుడు కుచ్చిళ్ళ దగ్గర ముడతలు పడతాయి కదక్కా. లేకపోతే బొమ్మ కర్రలా ఉంటుంది" అంది అమ్మాయి.

"ఇస్త్రీ చేసేదాని ఒంటి మీద ముడతల చీరనా? ఇజ్జత్ తీస్తవా నాది? రేపటి నుంచి నాకు బట్టలెవరిస్తరు?"

ఆ అమ్మాయి ఎంతో చెప్పి చూసింది. వెలుగునీడలన్నది, బట్ట ఒంపన్నది. ఈమె వింది, తలూపింది, మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి ఆ పిల్లే లొంగింది. అందుకే మా గోడ మీద బోనం మనిషి గాలిలో చేతులూపుకుంటూ హుషారుగా నడుస్తూ ఉంటుంది గానీ ఆమె ఆకుపచ్చ చీర మీద వెతికినా ఒక్క ముడత దొరకదు. బొమ్మలు తెలిసినవాళ్ళు దాన్ని లోపమంటారు. నాకు మాత్రం అలా నడిచేది ఆమె ఒక్కతేనని అనిపిస్తుంది.

బొమ్మ పూర్తయిన కొన్నాళ్ళకి ఒక ఆదివారం పొద్దున్నే మా గంట కొట్టింది. తలకి నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని ఉంది. "మేడం, ఆ పిల్లలు ఇంక ఏడేడ బొమ్మలేసిండ్రో చూసొద్దాం పా. నాతోటి ఎవరెవరున్నరో తెల్వద్దా?" అంది. బండి దగ్గర కోడల్ని కూర్చోబెట్టి మరీ వచ్చింది. ఆ కోడలు నోరు విప్పగా నేను అప్పటిదాకా వినలేదు.

ఇద్దరం చిక్కడపల్లి మీదుగా నడిచాం. కూరగాయల వాళ్ళు అప్పుడే బుట్టలు దించుతున్నారు. దారిలో ఆమెకి ఎదురైన ప్రతివాళ్ళకీ "బొమ్మలు చూడ పోతున్నం" అని చెప్పింది, ఏదో పెళ్ళికి వెళ్తున్నట్టు. ఇన్నేళ్ళుగా ఆ రోడ్డు మీద నడిచే నాకు ఆ రోజే గోడలన్నీ కొత్తగా కనిపించాయి. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఒక స్తంభానికి ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సు ఉంది. దాని ముందు నిలబడి పైకీ కిందికీ చూసింది.

"ఇది నేనెక్కిన. మీద కూసునేదాన్ని. తట్ట, పార తోటి మీదికి పోవద్దని కండక్టర్ ఒకటే ఒర్లుడు. ఆయనేడి? బస్సు గీసిండ్రు, కండక్టర్ను దించేసిండ్రు" అని బాధపడింది.

ఇంకో స్తంభానికి మనిషెత్తు కప్పులో ఇరానీ చాయ్. "గింత చాయ్ పోసి పెట్టిండ్రు, తాగెటోడు లేడు. సల్లారిపాయె." ఆ పక్కన గాలిపటాలు, పావురాలు, ఒక గడియారం స్తంభం. వాటికి ఆవిడ మార్కులు సగం సగం. చివర్న షేర్వాణీ వేసుకున్న నవాబు. ఆయన్ని చూడగానే నడుం మీద చెయ్యి వేసుకుంది.

"సారూ, చేతుల కాడ గీత తప్పింది. ఎవరు చేసిండ్రు నీకు ఇస్త్రీ?"

పక్కనే పూలు అమ్ముకునే ముసలమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. తిరుగుదారి పట్టాం. చిక్కడపల్లి చౌరస్తా దాటాక, "అందరికంటే నాదే మంచిగున్నది మేడం" అంది.

"మీ బొమ్మ కాబట్టి అలా అనిపిస్తుంది" అన్నాను.

"అది కాదు. ఆ నవాబు సారుకు ఆ స్తంభం కాడ ఏం పని? పొద్దుగూకితె ఒక్కడే నిలవడుడు. నాకైతె బొమ్మ కిందనే నా బండి ఉన్నది. నా మొహం నా జాగలనే ఉన్నది."

అలా అన్నప్పుడు ఆమె మొహంలో ఉన్న తృప్తి నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఆ జాగాకే ఎసరొస్తుందని, అదీ ఆ బొమ్మ వల్లే వస్తుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఆషాఢం వచ్చింది. ఎవరో భక్తి కొద్దీ గోడ మీది బోనానికి పసుపు కుంకుమ అద్దారు. మర్నాడు ఇంకెవరో బొమ్మ నుదుట పెద్ద బొట్టు పెట్టారు. తర్వాత అగరొత్తులు, కొబ్బరికాయ, దీపం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, మన దగ్గర గోడకి బొట్టు పెడితే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయి. వారం తిరక్కుండా గోడకి మేకులు కొట్టి నిలువెత్తు బంతిపూల దండ వేశారు. అటుగా పోయే ఆటోవాళ్ళు హారన్ కొట్టి దణ్ణం పెట్టుకోవడం మొదలైంది.

దండ వేయించింది మా సందు ఉత్సవాల కమిటీ ప్రెసిడెంటు. నారాయణగూడలో ఫ్లెక్సీల దుకాణం ఆయనకి. పుట్టినరోజు నుంచి పెద్దకర్మ దాకా మా పేటలో ప్రతి ఫ్లెక్సీ ఆయన దగ్గర వేయించిందే, చాలావాటిలో మూలన ఫొటో కూడా ఆయనదే. నాకు ఆ మనిషంటే మొదటి నుంచీ పడదు. ఒక సాయంత్రం నేను చీరల కోసం దిగేసరికి ఆయన బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఈడ అమ్మవారు నిలిచింది. ఈ బొగ్గులు, మంది బట్టలు ఇట్ల ముందర ఉంటే మంచిగుండదు. బండి జర అవతలికి తీసుకో."

"ఏ అమ్మవారు, అన్నా? అది నేను."

"నీ మొహమే అక్కా, కాదంటలేను. గని ఇప్పుడు నువ్వు కాదు."

ఆమె ఇస్త్రీ పెట్టెని పక్కన పెట్టింది. చీర సగంలో ఉండగా ఆమె పెట్టె వదలడం నేనెప్పుడూ చూడలేదు. "ఏడికి జరగాలె?" అంది. సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద చోటుందన్నాడాయన. చుట్టూ నలుగురు పోగయ్యారు. అందరూ ఆమె చేత బట్టలు చేయించుకునేవాళ్ళే. ఒక్కరూ ఆమె వైపు మాట్లాడలేదు, అమ్మవారి విషయం కదా. నేను మాట్లాడాను గానీ, "మేడం, మీకు ఇవన్ని తెల్వయి" అని ఆయన మర్యాదగా నా నోరు మూయించాడు. రేపటికల్లా బండి తీయాలని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న పాలు పొంగిస్తున్నాను, సందులోంచి ఏడుపు. మామూలు ఏడుపు కాదు, శోకాలు.  స్టవ్ ఆర్పి దిగి పరిగెత్తాను. ఎవరింట్లో ఏమైందోనని అన్ని గుమ్మాల్లోంచీ జనం వస్తున్నారు. మా ఇస్త్రీ అక్క జుట్టు విరబోసుకుని, గోడ ముందు నేల మీద కూలబడి, ఆ దండ వైపు చూస్తూ గుండెలు బాదుకుంటోంది.

"పోతివా తల్లీ! ఎంత మంచిదానివే! ఎండనక వాననక నిలవడితివే! గంజి కాటన్ మేడం చీరలు ఇంకెవరు చేస్తరే! తెల్ల షర్టుల సారు దవఖానకు ఎట్ల పోతడే!"

ప్రెసిడెంటు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "అక్కా, ఏమైంది? ఎవరు పోయిండ్రు?"

"నేనే పోయిన అన్నా."

"ఏందక్కా ఈ మాటలు?"

"నా ఫొటోకు దండేసిండ్రు. ముందర దీపం వెట్టిండ్రు. పోయినోళ్ళకే గద గట్ల చేసేది? ఎప్పుడు పోయిన్నో నాకే ఎరుకలేదు. ఏడ్చెటోళ్ళు లేరు, నా ఏడుపు నేనే ఏడుస్తున్న. నన్ను ఏడ్వనియ్యుండ్రి!"

ముందు ఎవరో నవ్వబోయారు. కానీ ఆడవాళ్ళ మొహాలు మారిపోయాయి. పాలప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ ముందుకొచ్చి, "బతికున్న మనిషి బొమ్మకు దండేస్తార్రా ఎవరైనా? ఎంత అపచారం! తియ్యండి ముందు" అని కేకలేసింది. నిజమే కదా! మన ఇళ్ళలో గోడ మీది ఫొటోకి దండ ఉందంటే లోపలికొచ్చినవాడు ఎవరు, ఎప్పుడు అని అడగడు, తల వంచుకుంటాడు. అంతమందిమి ఇన్నాళ్ళూ ఆ మొహం ఎవరిదో తెలిసి కూడా దండ కేసి చూసి దణ్ణాలు పెట్టాం. ప్రెసిడెంటు బ్రష్షు జేబులో పెట్టుకుని, స్టూలు తెప్పించి, తన చేత్తోనే దండ దించాడు. పెద్దావిడ ఊరుకుందా, నుదుటి బొట్టు తుడిపించింది, ఉప్పు తెప్పించి ఈమెకి దిష్టి తీయించింది. ఈమె బుద్ధిగా కూర్చుని తీయించుకుంది.

తర్వాత లేచి జుట్టు ముడివేసుకుని, పెట్టెలో బొగ్గులు వేసి, ప్రెసిడెంటుని పిలిచింది. "అన్నా, బోనాల నాడు బండి నేనే జరుపుత, ముగ్గు నేనే ఏస్త. ఆ ఒక్కనాడు. సరేనా?" ఆయన సరేనన్నాడు. "నీ గళ్ళ షర్టు అయింది, తీస్కపో" అంది. బండి అక్కడే ఉంది.

మధ్యాహ్నం సందు ఖాళీ అయ్యాక మజ్జిగ పట్టుకెళ్ళాను. బ్రహ్మాండంగా నటించావన్నాను, ఆ వేళ నాకు తెలియకుండానే "నువ్వు" వచ్చేసింది. ఆమె మజ్జిగ తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మొదాలు నాటకమే మేడం. నడుమ నిజంగనే ఏడుపొచ్చింది. నేను పోతె ఈ సందుల ఎవరన్న ఏడుస్తరా అని మనసుల పడ్డది."

నేను ఏదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

పోయిన నెల ఒక తెల్లవారుజామున, గాంధీనగర్ బస్తీలో వాళ్ళ గదిలో, గుండెల్లో నొప్పి అని గోడకి ఆనుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. కొడుకు అటు నుంచి అటే సొంతూరికి తీసుకెళ్ళిపోయాడు. మాకు కబురు తెలిసేసరికి అక్కడ అంతా అయిపోయింది. ఆమె మొహం నాకు ఆఖరిసారి దక్కలేదు. ఇంట్లోకొచ్చి ఏడ్చాను, మావారు కంగారుపడి నీళ్ళు తెచ్చేంత గట్టిగా ఏడ్చాను. ఆ సాయంత్రం ఆ పెద్దావిడ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. హాస్టల్ పిల్లలు ఇద్దరు గోడ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకోవడం బాల్కనీలోంచి చూశాను. ఇప్పుడు దండ వేస్తే తప్పు కాదు. అయినా ఎవరూ వేయలేదు.

మూడోనాడు పొద్దున్న చూస్తే బండి ఉండే చోట ప్రెసిడెంటు స్కూటర్ అడ్డంగా పెట్టి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె ఉన్నంతకాలం కుదరలేదు, పోగానే కబ్జా. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా దిగాను. ఆయన స్కూటర్ మీదే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఏమండీ, ఇంకా దినాలు కూడా కాలేదు. అంత తొందరేం వచ్చింది మీకు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయదగ్గవి కావు.

ఆయన అన్నీ విన్నాడు. పేపరు మడిచాడు.

"మేడం, కొడుకూ కోడలూ దినాలు అయ్యేదాక ఊరునుంచి రారు. అంతదాక జాగ ఖాళీగుంటె, అగో, మూల మీది చెరుకురసం బండోడు నిన్న రెండుసార్లు వచ్చి కొలుచుకున్నడు. వాడు నిలవడ్డంక లేపుడు ఎవరితోని కాదు. కోడలు వచ్చినంక బండి ఏడ వెట్టుకోవాలె? అందుకే పెట్టిన. పొద్దుగాల, మాపు నేను ఉంటున్న. గని పదకొండు గంటలకు షాపు తెరవాలె. స్కూటర్ తీస్కపోవాలె. అదొక్కటే పరేషాన్ ఉన్నది."

 మేడెక్కి, బాల్కనీలో మావారు కూర్చునే కేన్ కుర్చీ ఎత్తుకుని దిగాను. ఎక్కడికని అడిగితే తర్వాత చెప్తానన్నాను. ప్రెసిడెంటు స్కూటర్ తీశాడు, నేను కుర్చీ వేసి గోడకి వీపు పెట్టి కూర్చున్నాను. ఎండ ఎక్కువగానే ఉంది. దారిన పోయేవాళ్ళు వింతగా చూశారు. డాక్టరుగారు కారు ఆపి ఒంట్లో బాగుందా అని అడిగారు. బాగుందన్నాను.

పన్నెండు దాటాక చెరుకురసం బండి గంటల చప్పుడు చేసుకుంటూ వచ్చి నా ముందు ఆగింది. అతను నన్ను చూశాడు, చోటు చూశాడు.

"మేడం, జర లేస్తరా? బండి పెట్టుకుంట."

"లేవను."

"ఎంతసేపు కూసుంటరు మేడం ఎండల?"

"కోడలు వచ్చేదాకా" అన్నాను.